సబ్సిడీ ముందా, సోలారు ముందా?

సబ్సిడీ అన్న మాట వినపడితే చాలు, మన ఐటీ వాళ్ళకి పే స్లిప్పులో టీడీఎస్ గడి గుర్తొస్తుంది. మనం కట్టిన పన్నంతా ఎవరికో ఉచితంగా పంచిపెట్టేస్తున్నారని కాఫీ మెషీను దగ్గర ఒక అరగంట బాధపడి, మళ్ళీ సీటుకెళ్ళిపోతాం. నేనూ ఆ గుంపులో నిలబడి తలూపినవాణ్ణే. ఈమధ్య ఒక సబ్సిడీని మొదలు నుంచి చివరిదాకా దగ్గరుండి చూసేను. చూసేక నాకు చిరాకు వేరే వైపు నుంచి మొదలైంది. ఇచ్చినందుకు కాదండీ బాబూ, ఇచ్చే పద్ధతికి!

ముందు కొంచెం బయటి దేశాల సంగతి. ఇంగ్లండులో, అమెరికాలో ఉన్న మనవాళ్ళు హీట్ పంప్ అనే మాట వినే ఉంటారు. పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. మన ఏసీ గదిలో వేడిని బయటికి తోడుతుంది, అది బయట వేడిని లోపలికి తోడుతుంది. తిప్పి బిగించిన ఏసీ అనుకోండి. చలిదేశాల్లో గ్యాసు బాయిలర్లు తీసేసి ఇవి పెట్టించుకోమని ప్రభుత్వాలు డబ్బులిస్తున్నాయి. ఇంగ్లండులో 2022లో ఐదువేల పౌండ్లతో మొదలెట్టి, 2023 అక్టోబరులో ఏడున్నర వేలు చేసేరు. ఆ డబ్బు బిగించేవాడికే వెళ్తుంది, మన బిల్లులోంచి ముందే తగ్గిపోతుంది. అమెరికాలో 2023 నుంచి 2025 చివరి దాకా ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా రెండువేల డాలర్లు, ఆదాయపు పన్నులో తగ్గించేవారు. పన్ను కట్టేవాడికి బానే ఉంది. పన్నే లేని రిటైరైన ముసలాయనకి అందులో తగ్గించడానికి ఏముంది? సున్నా లోంచి రెండువేలు తీస్తే సున్నాయే, తిరిగి చేతికి ఇవ్వరు. ఒకే వస్తువు, ఒకే ఉద్దేశం. కానీ డబ్బు ఎప్పుడు, ఎవరి చేతికి వెళ్తుంది అన్న ఒక్క విషయం మీద అది పెద్దవాళ్ళకి అందుతుందా లేదా అన్నది తేలిపోయింది.

ఇహ మన విశాఖపట్నానికి హీట్ పంప్ ఎందుకు, వేడి మనకి దేవుడు ఫ్రీగానే ఇస్తున్నాడు :) మనకి దానికి సరిసమానమైనది ఇంటిపైన సోలారు. పీఎం సూర్యఘర్ అని 2024 ఫిబ్రవరి 13న ప్రకటించి, అదే నెల 29న కేబినెట్‌లో ఆమోదించేరు. కోటి ఇళ్ళు లక్ష్యం, 75 వేల కోట్ల పైచిలుకు బడ్జెట్. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30 వేలు, మూడోదానికి 18 వేలు, ఆపైన ఎంత పెట్టుకున్నా 78 వేలే. ఈ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మొదటి రెండు కిలోవాట్లకీ ఒక్కోదానికి 50 వేలు ఖర్చనుకుని అందులో 60 శాతం, మూడోదానికి 45 వేలనుకుని అందులో 40 శాతం. బాగానే ఉంది. కాగితం మీద నాకు వంక కనపళ్ళేదు.

మల్కాపురంలో మా పెద్దమ్మ ఉంటుంది. డెబ్భై మూడేళ్ళు. పెదనాన్న షిప్‌యార్డులో వెల్డరు, 2003లో రిటైరయ్యేరు, 2019లో పోయేరు. నూటపది గజాల్లో ఇల్లు, పైన ఒక వాటా అద్దెకి. పిల్లలు ఒకడు పూణే, ఒకడు న్యూజెర్సీ. వీధిలో సగం ఇళ్ళ కథ ఇదే. మల్కాపురం, శ్రీహరిపురం, సింధియా.. ఈ పేటలన్నీ ఫ్యాక్టరీల చుట్టూ పెరిగినవి. 1941లో సింధియా కంపెనీ షిప్‌యార్డు మొదలెట్టింది, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది (అదే తర్వాత హెచ్‌పీసీఎల్ అయింది), ఆపైన ఎరువులు, జింకు. వాటిల్లో పనిచేసినవాళ్ళు పీఎఫ్ డబ్బుతో, కో-ఆపరేటివ్ సొసైటీ లోనుతో ఒక్కో గది చొప్పున కట్టుకున్న ఇళ్ళివి. ఇంటి విలువ ఇవాళ కోటికి దగ్గర్లో ఉంటుంది. నెల తిరిగేసరికి చేతిలోకి వచ్చేది మాత్రం ఈపీఎస్ పెన్షను, పై వాటా అద్దె. ఈపీఎస్‌లో కనీస పెన్షను 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలు చేసేరు. మీరు చదివింది సరిగ్గానే ఉంది, నెలకి వెయ్యి.

పెద్దమ్మ గదిలో ఏసీ ఉంది. న్యూజెర్సీ అన్నయ్య మూడేళ్ళ క్రితం వచ్చినప్పుడు కొన్నాడు. మనవలు వచ్చినప్పుడు తప్ప దాని మీద గుడ్డ తియ్యదు. మేలో శ్లాబు రాత్రి పదకొండుకి కూడా కాలుతూనే ఉంటుంది, ఈవిడ తడి తువ్వాలు కప్పుకుని నడవాలో పడుకుంటుంది. 2015 మేలో వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా పోయేరు. అప్పుడు చూసేం కదా, ఎక్కువ పోయింది ఎండలో పనిచేసేవాళ్ళు, పెద్దవాళ్ళు. విశాఖలో పైకి ఎండ అంత కనపడకపోయినా, ఆ ఉక్క ఒంట్లోంచి చెమట ఆరనివ్వదు. ఏసీ వెయ్యవేం అంటే, "అమ్మో, బిల్లు పేలిపోద్ది నాయినా" అంటుంది.

ఆవిడ భయం ఉత్తుత్తిది కాదు. స్లాబులు చూడండి. 2022లో ఖరారైన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసలు, 75 దాకా మూడు రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా ఆరు, 400 దాకా ఎనిమిది డెబ్భైఐదు, ఆపైన తొమ్మిది డెబ్భైఐదు. సర్దుబాటు ఛార్జీలు, ఫిక్సెడు, డ్యూటీ అన్నీ వేరే. నెలకి 150 యూనిట్లు కాలితే 567 రూపాయలు. రాత్రుళ్ళు ఏసీ వేసుకుంటే ఇంకో 110 యూనిట్లు అనుకోండి, 260కి బిల్లు 1323. అంటే మొదటి 150 యూనిట్లకీ 567, తర్వాతి 110కే 756! పెద్దమ్మకి ఈ స్లాబుల లెక్క తెలీదు గానీ బిల్లు కాగితం చూసి మనకంటే ముందే పసిగట్టేసింది.

సరే, సోలారు పెట్టిద్దాం అని నేను బయల్దేరేను. రుషికొండలో ఆఫీసు కాబట్టి శనివారం శనివారం వెళ్ళడానికి ఇబ్బంది లేదు.

మొట్టమొదటి గోడ మీటరు. సర్వీసు ఇంకా పెదనాన్న పేరు మీదే ఉంది. ఎవరూ మార్చలేదు, ఎందుకు మారుస్తారు? బిల్లొస్తోంది, కడుతున్నారు. కానీ సబ్సిడీకి దరఖాస్తు చెయ్యాలంటే సర్వీసు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే చెయ్యాలి, వాళ్ళ బ్యాంకు ఖాతాలోనే డబ్బు పడుతుంది. పోయినాయన ఓటీపీ ఎలా చెప్తాడు చెప్పండి. కరెంటాఫీసులో కుర్రాడు మర్యాదగానే చెప్పేడు, ఏమేం కావాలో ఒక చీటీ మీద రాసిచ్చేడు కూడా. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు, కొడుకులిద్దరూ మాకు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం. కొడుకుల్లో ఒకడు న్యూజెర్సీలో. ఆ ఒక్క కాగితానికి ఏడు వారాలు. సోలారు బిగించడానికి పట్టింది రెండు రోజులు. మీ ఇంట్లో నాన్నగారో తాతగారో పోయి, మీటరు ఇంకా వాళ్ళ పేరే ఉంటే, సోలారు ఆలోచన ఉన్నా లేకపోయినా ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ పని చూసేయండి.

రెండోది సైజు. వచ్చిన ప్రతీ వెండరూ మూడు కిలోవాట్ల గురించే మాట్లాడేడు. కారణం, 78 వేలు అనే అంకె పాంప్లెట్ మీద బాగుంటుంది. మాకు వచ్చిన కొటేషన్లు ఇవీ.. మూడు కిలోవాట్లకి లక్షా 95 వేలు, రెండింటికి లక్షా 40 వేలు, ఒకటి కావాలంటే డెబ్భైఐదు వేలు, అదీ మొహం మాడ్చుకుని. ప్రభుత్వం అనుకున్న ఖర్చుకీ బజారు ధరకీ ఎంత తేడానో చూసేరా. (ఇది 2025 సెప్టెంబరుకి ముందు మాట. అప్పుడు జీఎస్టీ 12 శాతం, ఆ నెల 22 నుంచి 5 శాతం అయింది. ఇప్పుడు అడిగేవాళ్ళు ఆ తగ్గింపు కొటేషన్లో కనపడుతోందో లేదో చూసుకోండి.)

ఇక్కడ మన వృత్తి రోగం ప్రకారం ఎక్సెల్ తెరిచేను. మన ఊళ్ళో కిలోవాట్‌కి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు, నెలకి 120. పెద్దమ్మ వాడకం ఏడాది సగటు తీస్తే నెలకి 180, బిల్లు 747. రెండు కిలోవాట్లు పెడితే నెలకి 240 యూనిట్లు, అంటే ఆ బిల్లు దాదాపు మొత్తం పోతుంది. ఏడాదికి తొమ్మిది వేలు మిగులు. సబ్సిడీ పోను ఖర్చు 80 వేలు. తొమ్మిదేళ్ళకి గిట్టుబాటు. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మూడు ఏసీలున్న మా మేనేజరుగారి ఇల్లు తీసుకోండి. నెలకి 600 యూనిట్లు. మూడు కిలోవాట్లు పెడితే పైనుంచి 360 యూనిట్లు కట్, అంటే 9.75 స్లాబులో 200, 8.75 స్లాబులో 160. నెలకి 3350 మిగులు. ఖర్చు లక్షా 17 వేలు. మూడేళ్ళు నిండకుండానే మొత్తం వచ్చేసింది!

అంటే ఏంటన్నమాట? కరెంటు పొదుపుగా వాడేవాడికి సోలారు మిగిల్చేది చౌక యూనిట్లు, దర్జాగా వాడేవాడికి మిగిల్చేది ఖరీదైన యూనిట్లు. సబ్సిడీ మాత్రం కిలోవాట్‌కి ఇద్దరికీ ఒకటే. స్లాబుల్లో పేదవాడికి ఇచ్చిన దయ, సోలారు దగ్గరికొచ్చేసరికి వాడికే అడ్డం తిరిగింది. దీన్ని ఎవరూ కావాలని చెయ్యలేదు, రెండు వేర్వేరు మాడ్యూళ్ళు రాసినవాళ్ళు ఇంటిగ్రేషన్ టెస్టింగ్ చెయ్యలేదు, అంతే.

ఈ తొమ్మిదేళ్ళ మాట పెద్దమ్మకి చెప్పేను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, "తొమ్మిదేళ్ళా? అప్పటికి నేనుంటానేటి?" అంది. పేబ్యాక్ పీరియడ్ లెక్కల్లో మనం ఎప్పుడూ పెట్టని వేరియబుల్ అది. నేనన్నాను, "గిట్టుబాటు సంగతి వదిలీ పెద్దమ్మా. వచ్చే వేసవికి రాత్రి ఏసీ వేసుకుని పడుకుంటే నెలకి 260 యూనిట్లు కాలుతాయి, 240 పైనుంచే వస్తాయి. మిగతా ఇరవైకీ నలభై రూపాయలు లోపే." ఆవిడ కాసేపు ఆలోచించి, "అలగైతే పెట్టించీ" అంది. ఏసీ మాట వల్ల ఒకటి కాకుండా రెండు కిలోవాట్లు ఖాయం చేసేం. లెక్క ప్రకారం ఒక కిలోవాటే లాభం, ఆరేళ్ళ చిల్లరకి తిరిగొచ్చేస్తుంది. కానీ ఒక కిలోవాట్‌తో ఏసీ మీద గుడ్డ తియ్యదు, నాకు తెలుసు.

మూడోది, అసలైనది, డబ్బు. సబ్సిడీ బిగించేక, నెట్ మీటరు పెట్టేక, అన్నీ సరిచూసేక ఖాతాలో పడుతుంది. ఈలోపల లక్షా 40 వేలూ వెండరుకి ముందే కట్టాలి. ఈ పథకానికి పూచీకత్తు లేని లోన్లు ఉన్నాయి, వడ్డీ కూడా మామూలు వ్యక్తిగత లోన్ల కన్నా చాలా తక్కువ. మేం వెళ్ళిన బ్యాంకులో (పేరెందుకు లెండి) పెద్దమ్మ వయసు చూసి కొడుకు కూడా సంతకం పెట్టాలన్నారు. పూణే నుంచి వాడు రావాలి, వాడికి రిలీజు. చివరికి వాడే డబ్బు పంపేసేడు. ఆరు వారాల్లో 60 వేలు పెద్దమ్మ ఖాతాలో పడింది, అందులో ఏ లోటూ లేదు. ఎవరికీ పైసా లంచం ఇవ్వలేదు, అది కూడా చెప్పుకోవాలి.

కానీ పక్కింటాయన సంగతి చూడండి. ఆయన ముప్ఫై ఏళ్ళు కాంట్రాక్టు లేబరుగా చేసేడు, పంపించడానికి పూణేలో కొడుకు లేడు. ఒక కూతురు, అత్తారింట్లో. శ్లాబు ఇల్లే, ఎండా అదే ఎండ. ఇంటికి పన్ను రసీదు తప్ప రిజిస్టరు కాగితం లేదు. మా ఇంటి మీద పలకలు ఎక్కుతుంటే కిందనుంచి చూసి, "గవర్మెంటోళ్ళు అరవై ఏలిస్తారంట కదా బాబూ" అన్నాడు. ఇస్తారు. లక్షా 40 వేలు ముందు పెట్టగలిగితే ఇస్తారు. అంటే ఈ సహాయం అందుకోవాలంటే సహాయం అక్కర్లేని స్థితిలో కొన్ని వారాలైనా ఉండాలి.

మనకి ఇలా మాత్రమే చెయ్యడం వచ్చా అంటే కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలెట్టినప్పుడు, ముందు ఆపరేషన్ చేయించుకుని బిల్లు పంపండి, తర్వాత ఇస్తాం అనలేదు. ఆసుపత్రికీ ప్రభుత్వానికీ మధ్య లెక్క, మంచం మీద ఉన్నవాడికి సంబంధం లేదు. అందుకే అది జనంలోకి వెళ్ళింది. ఇంగ్లండు హీట్ పంప్ పద్ధతి కూడా సరిగ్గా ఇదే. మరోవైపు గ్యాసు బండలకి మొత్తం ధర కట్టించి తర్వాత ఖాతాలో వేసే అలవాటు మొదలైంది, 2024 నవంబరులో దీపం-2 కూడా అలాగే మొదలెట్టేరు. తొమ్మిది వందల బండకైతే ఎలాగో సర్దుకుంటారు, లక్షన్నరకి ఎలా సర్దుకుంటారు? దొంగ బిల్లులు పెడతారన్న భయంతో ముందు పని, తర్వాత డబ్బు అంటారు. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ ఆ రిస్కు ఎవరు మొయ్యాలి? లైసెన్సు, బ్యాంకు గ్యారంటీ ఉన్న వెండరా, డెబ్భై మూడేళ్ళ ముసలమ్మా?

పథకంలో దీనికి దారి లేకపోలేదు. డిస్కమే ముందు నిలబడి ఇళ్ళ మీద పెట్టించే యుటిలిటీ పద్ధతి ఒకటుంది. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టడానికి దాన్నే తీసుకున్నారు. బీసీలకి 2025లో కేంద్రం ఇచ్చేదాని మీద 20 వేల దాకా అదనంగా ప్రకటించేరు. నేననేది, అరవై ఐదు దాటి, నెలకి 200 యూనిట్ల లోపు వాడే సొంతింటి వాళ్ళని కూడా, కులంతో పని లేకుండా, ఆ దారిలోకి తీసుకురావచ్చు. వాళ్ళ వాటా డబ్బు నెలనెలా కరెంటు బిల్లులోనే కొంచెం కొంచెం కట్టించుకోవచ్చు. నెలకి 700 బిల్లు కట్టే మనిషి ఆ 700 ఇంకో తొమ్మిదేళ్ళు కడితే డిస్కం డబ్బు దాదాపు తిరిగొచ్చేస్తుంది. మధ్యలో మనిషి పోతే? ఇల్లూ మీటరూ ఎక్కడికీ పోవు కదా, బిల్లు వారసులకి వెళ్తుంది. పెద్దమ్మ ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తోచలేదు.

బిగించేక తెలిసిన సంగతులు రెండు మూడు చెప్పి ముగిస్తాను, ఇవి ఏ వెండరూ చెప్పడు.

మల్కాపురంలో మేడ మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి మాసిపోతాయన్న సంగతి అక్కడ పెరిగినవాళ్ళకి తెలుసు. పోర్టు బొగ్గు, ఇనప ఖనిజం, ఫ్యాక్టరీ పొగ, పైన సముద్రపు ఉప్పు.. అన్నీ కలిసి ఒక జిడ్డు నల్లపొడి. అది అద్దాల మీద కూర్చుంటుంది. జనవరి ఫిబ్రవరుల్లో వాన ఉండదు కదా, మూడు వారాలు కడక్కపోతే రోజుకి ఎనిమిది యూనిట్లు వచ్చేది ఆరున్నరకి దిగింది. నాలుగు యూనిట్ల లెక్క చెప్పినవాడు మల్కాపురం లెక్క చెప్పలేదన్నమాట. డెబ్భై మూడేళ్ళావిడని మేడెక్కి తుడవమనలేం. పై వాటాలో కాలేజీ కుర్రాడు పదిహేను రోజులకోసారి పొద్దున్నే, అద్దం వేడెక్కక ముందు, పైపుతో కడుగుతాడు, అద్దెలో వంద తగ్గింపు. సబ్సిడీ నిబంధన ప్రకారం ఐదేళ్ళు మరమ్మతులు వెండరే చూడాలి, కానీ మసి తుడవడం మరమ్మతు కిందకి రాదట.

ఇంకోటి, హుద్‌హుద్. 2014 అక్టోబరు 12 తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోవడం విశాఖలో ఎవరూ మర్చిపోరు. "ఇప్పుడు తుపానొచ్చినా మనకి కరెంటుంటాది కదా" అంది పెద్దమ్మ. ఉండదు. లైన్లో కరెంటు పోతే ఈ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది, పైన నిండా ఎండున్నా సరే. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మన ఇంటి కరెంటు కొట్టకూడదని అలా పెడతారు, సబబే. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ ఉన్న రకం కావాలి, దాని ఖర్చు వేరే, బ్యాటరీకి సబ్సిడీ లేదు. అలాగే స్టాండు కూడా. బిల్డింగు కోడ్ ప్రకారం విశాఖకి లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మా వెండరు మొదట నాలుగు ఇటుకల మీద సిమెంటు దిమ్మలు పోసి పెట్టేస్తానన్నాడు. శ్లాబులోకి యాంకర్ బోల్టులు దింపి, చుట్టూ నీరు దిగకుండా పూత పూస్తే తప్ప బ్యాలెన్సు ఇవ్వనన్నాను. ఒక రోజంతా సణిగేడు, కానీ చేసేడు.

లాభం ఒకటి అనుకోకుండా వచ్చింది. పలకల నీడ సరిగ్గా పడకగది శ్లాబు మీద పడుతోంది. ఈ మేలో ఏసీ రాత్రి రెండింటికే ఆపేస్తున్నానని పెద్దమ్మ చెప్పింది, బిల్లు భయంతో కాదట, చలేస్తోందట.

పక్కింటాయన మీటరు ఇంకా వాళ్ళ నాన్నగారి పేరు మీదే ఉందని మొన్ననే తెలిసింది. వచ్చే శనివారం ఆయన్ని తీసుకుని కరెంటాఫీసుకి వెళ్తున్నాను. ఆ కుర్రాడు రాసిచ్చిన చీటీ నా దగ్గరే ఉంది.